పదివేలు కట్టేస్తే సమన్లు పోతాయా?

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. 2022 చివర్లో బ్యాంకు లోను పెట్టి ఒక ఫ్లాటు కొన్నాను. ఆ బిల్డరు మీద తర్వాత ఇన్‌కం ట్యాక్స్ సోదాలు జరిగాయట. కొన్ని నెలల కింద నాకు సెక్షన్ 131 కింద సమన్లు ఈమెయిల్‌లో వచ్చాయి, నేను చూసుకోలేదు, తేదీ దాటిపోయింది. రెండోసారి పోస్టులో వచ్చాయి. మా బావమరిదికి చూపిస్తే "వెళ్తే ఇరుక్కుంటావు బావా, వాళ్ల దగ్గర వందల ఫ్లాట్ల లిస్టు ఉంటుంది, నిన్ను మర్చిపోతారు" అన్నాడు. వెళ్లలేదు. ఇప్పుడు జరిమానా ఎందుకు వేయకూడదో చెప్పమని షోకాజ్ నోటీసు, దాంతోపాటు మూడోసారి సమన్లు వచ్చాయి. హాజరు తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది. పదివేలే కదా, కట్టేసి ఊరుకుంటే పోదా? బావమరిదేమో వ్యాపారం చేస్తాడు, పదివేలు కాదు పాతికవేలు అంటున్నాడు. ఆఫీసులో ఇంకొకాయన జైలంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. దయచేసి పేరు వేయకండి.

జవాబు: పోదండీ. పదివేలు కట్టినంత మాత్రాన సమన్లు రద్దు కావు. కట్టిన మర్నాడే మళ్లీ సమన్లు ఇచ్చే అధికారం ఆ ఆఫీసరుకి ఉంటుంది, మళ్లీ వెళ్లకపోతే మళ్లీ పదివేలు. చట్టంలో రాసింది కూడా అదే. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 272ఎ ప్రకారం, సమన్లు అందుకుని హాజరు కానివాళ్లకి, అడిగిన లెక్కల పుస్తకాలు, కాగితాలు తేనివాళ్లకి, వెళ్లని ప్రతిసారికీ 10,000 రూపాయలు. మీరు ఇప్పటికే రెండుసార్లు వెళ్లలేదు కాబట్టి లెక్క పదివేలు కాదు, 20,000 దాకా పోవచ్చు. షోకాజ్ నోటీసు మళ్లీ ఒకసారి చదవండి, అందులో ఏ తేదీ సమన్ల గురించి అడిగారో ఉంటుంది. ఒకదాని గురించే అడిగారా, రెండింటి గురించీ అడిగారా అన్నదాన్ని బట్టి మీ జవాబు మారుతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఇక్కడ "10,000 వరకు" అని లేదు, 10,000 అనే ఉంది. అంటే "సార్, రెండువేలు వేసి వదిలేయండి" అని బతిమాలుకునే వీలు లేదు, వేస్తే మొత్తం వేయాలి, లేదంటే అసలు వేయకూడదు. అసలు వేయకుండా ఉండటానికి ఉన్న దారి సెక్షన్ 273బి: వెళ్లలేకపోవడానికి సరైన కారణం ఉందని మీరు చూపించగలిగితే జరిమానా ఉండదు. చూపించాల్సింది మీరే, ఆఫీసరు వెతికి పెట్టడు. ఆస్పత్రిలో ఉంటే డిశ్చార్జి కాగితం, వేరే ఊళ్లో ఉంటే టికెట్టు, సమన్లు చేతికందేసరికే తేదీ దాటిపోయి ఉంటే పోస్టు కవరు మీద ముద్ర, ఇలాంటివి కావాలి. (ఆ కవరు పారేశారా? అందరూ కాగితం దాచి కవరు చెత్తలో వేస్తారు. ఇంట్లో ఉంటే తీసి పెట్టండి.)

మీ విషయంలో మొదటిసారికి ఒక కారణం ఉంది, కాస్త బలహీనమైనదే అయినా ఉంది. ఈమెయిల్‌లో పంపితే అందినట్టే లెక్క, మీరు రిటర్నులో ఇచ్చిన మెయిల్‌కి, పోర్టల్‌లో ఉన్న మెయిల్‌కి పంపే అధికారం వాళ్లకుంది. కానీ పోర్టల్‌లోకి వెళ్లి అక్కడ ఎవరి మెయిల్ ఉందో ఓసారి చూడండి. రిటర్ను వేసిపెట్టే వాళ్లు ఓటీపీల గోల లేకుండా తమ సొంత మెయిల్, సొంత ఫోను నంబరు పెట్టేసుకోవడం ఎంత మామూలంటే, నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో మా ఆఫీసు మెయిల్ ఒక్కదానికే ఊళ్లో సగంమంది నోటీసులు వచ్చి పడేవి, వాటిలో కొన్ని ఎవరూ తెరవకుండానే నెలలు గడిచిపోయేవి. మీదీ అలాంటిదే అయితే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి జవాబుకి జతచేయండి, ఆ తర్వాత మెయిల్ మార్చుకోండి. ముందే మార్చేస్తే సాక్ష్యం పోతుంది.

రెండోసారికి మాత్రం కారణం లేదు. బావమరిది వద్దన్నాడన్నది సహేతుక కారణాల కిందికి రాదు, ఏ ట్రిబ్యునల్ దాకా వెళ్లినా రాదు. దీనికోసం లేని జ్వరం తెప్పించి మెడికల్ సర్టిఫికెట్ పెట్టొద్దు. పదివేలతో పోయేదాన్ని దొంగ కాగితం కేసుగా మార్చుకోవడం అవుతుంది. నిజం రాయండి: సమన్ల తీవ్రత తెలియలేదు, పొరపాటు జరిగింది, ఇప్పుడు ఫలానా తేదీన హాజరవుతున్నాను, అడిగినవన్నీ తెస్తున్నాను. ఇలా రాస్తే తప్పకుండా మాఫీ అవుతుందని చెప్పను. కానీ ఈలోగా మీరు వెళ్లి సహకరించి ఉంటే, ఆ జరిమానా ఫైలు చూసే అధికారి దగ్గర మీ మాటకి విలువ ఉంటుంది. ఆ అధికారి మిమ్మల్ని పిలిచిన ఆయనే కానక్కర్లేదు. సమన్లు ఇచ్చిన ఆఫీసరు జాయింట్ డైరెక్టర్, జాయింట్ కమిషనర్ హోదాకి తక్కువైతే, ఈ జరిమానా వేసేది ఆయన కాదు, జాయింట్ స్థాయి అధికారి. వేసేముందు మీ వాదన వినాలి కూడా. ఆ వినడమే ఈ షోకాజ్ నోటీసు. దానికి జవాబివ్వకుండా వదిలేయడమంటే మీకున్న ఒక్క అవకాశాన్నీ మీరే వదులుకోవడం.

ఇక బావమరిది పాతికవేలు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, అది జీఎస్టీ. సెంట్రల్ జీఎస్టీ చట్టంలో సెక్షన్ 70 కింద సమన్లు ఇస్తారు, వెళ్లకపోతే సెక్షన్ 122 కింద 25,000 వరకు జరిమానా. అక్కడ "వరకు" అనే మాట ఉంది. వ్యాపారం చేసేవాడు కాబట్టి ఆయన విన్నది అదే అయి ఉంటుంది. తప్పు చెప్పలేదు, వేరే చట్టం సంగతి చెప్పాడు.

జైలు గురించి. మిమ్మల్ని ఇంటికొచ్చి పట్టుకుపోరు, అంతమాత్రానికి నిద్ర పాడుచేసుకోకండి. అలాగని ఆఫీసులో ఆయన చెప్పింది పూర్తిగా గాలిమాట కూడా కాదు. సెక్షన్ 131 ఆ అధికారికి సివిల్ కోర్టుకుండే అధికారాలు కొన్ని ఇస్తుంది: మనిషిని రప్పించడం, ప్రమాణం చేయించి అడగడం, పుస్తకాలు తెప్పించడం. అది మామూలు ఉత్తరం కాదు అనడానికి ఇదే కారణం. ప్రభుత్వ అధికారి చట్టప్రకారం రమ్మంటే కావాలని రాకపోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 208 కింద నేరం, నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. (పాత ఐపీసీలో ఇది 174, అప్పట్లో జరిమానా 500.) అయితే దానికి ఆఫీసరు మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు చేయాలి, అక్కడ విచారణ జరగాలి. మూడో సమన్లకి పన్నెండు రోజుల ముందే మేలుకున్న మనిషి దాని గురించి భయపడాల్సిన పనిలేదు.

మీరు భయపడాల్సింది వేరే ఉంది, దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మిమ్మల్ని ఎందుకు పిలుస్తున్నారో ఆలోచించారా? బిల్డరు ఆఫీసులో సోదా జరిగితే సాధారణంగా దొరికేది ఒక కంప్యూటర్ షీటో, ఒక డైరీయో. అందులో ఫ్లాటు నంబరు, పక్కన చెక్కుల్లో ఇంత, నగదులో ఇంత అని రెండు గడులు ఉంటాయి. మీ ఫ్లాటు నంబరు ఎదురుగా నగదు గడిలో ఒక అంకె ఉండి ఉంటుంది, లేదా ఉందేమో అడగడానికే పిలిచి ఉంటారు. మీరు వెళ్లలేదు, ఆ అంకె గురించి మీ మాట ఫైలులోకి ఎక్కలేదు. బిల్డరు మాత్రం తన మాట తాను చెప్పేసుకుని ఉంటాడు. రేపు మీ అసెస్‌మెంటు తెరిచి, ఆ నగదు ఎక్కడిదో మీరు చెప్పలేదు కాబట్టి లెక్క చూపని పెట్టుబడి అంటే, 2022-23 సంవత్సరానికి దాని మీద పన్ను 60 శాతం, ఆ పన్ను మీద సర్‌చార్జి 25 శాతం, పైన సెస్సు 4 శాతం, అన్నీ కలిపితే 78 శాతం. ఐదు లక్షల అంకె అనుకుంటే 3,90,000. వడ్డీ, దానికి వేరే పెనాల్టీ ఇంకా కలపలేదు. పదివేలు పోతే పోయాయి అనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. అందుకే నా మటుకు నాకు, ఇలాంటి సమన్లకి వెళ్లడం ఆఫీసరుకి చేసే ఉపకారమేమీ కాదు, మీ మాట కాగితం మీదికి ఎక్కించుకోవడానికి మీకు దొరికిన తేదీ అది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి.

ముందు ఆ మూడు కాగితాలూ నిజమైనవేనా చూడండి. 2019 అక్టోబర్ 1 నుంచి ఇన్‌కం ట్యాక్స్ శాఖ పంపే ప్రతి నోటీసు, సమన్ల మీద డిన్ అనే నంబరు (ఆ కాగితానికి శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప అది లేకుండా పంపింది చెల్లదని ఆ శాఖ పైనుండే ప్రత్యక్ష పన్నుల బోర్డే సర్క్యులర్ ఇచ్చింది. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ అవ్వకుండానే, నోటీసు అసలుదో కాదో చూసుకునే లింకు ఉంటుంది, అక్కడ ఆ నంబరు కొట్టి చూడొచ్చు. వీడియో కాల్‌లో సమన్లు చూపించి డబ్బు పంపమనే మోసగాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి చెబుతున్నాను. ఏ ఆఫీసరూ ఫోనులో జరిమానా వసూలు చేయడు, డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు.

ఇంకో చిన్న మాట, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారిపోయాయి. పాత సంవత్సరాల వ్యవహారాలు పాత చట్టం కిందే నడుస్తాయి, మీ కాగితం మీద 131 ఉంది కాబట్టి నేను పాత నంబర్లే చెప్పాను. ఇది చదివి ఇంకెవరైనా తమ నోటీసుతో పోల్చుకుంటే ముందు నంబరు చూసుకోండి.

తర్వాత సమన్లలో ఒక వాక్యం వెతకండి: స్వయంగా హాజరు కావాలి అని ఉందా, స్వయంగా గానీ ప్రతినిధి ద్వారా గానీ అని ఉందా. ప్రమాణం మీద అడగడానికి స్వయంగా రమ్మంటే మీ బదులు ఆడిటర్ గారు వెళ్తే కుదరదు, ఆ సందర్భాన్ని చట్టమే మినహాయించింది. కాగితాలు మాత్రమే అడిగితే ఆయన చేత పంపొచ్చు.

ఆ తేదీ మీకు నిజంగా కుదరకపోతే వాయిదా అడగండి, రాతపూర్వకంగా, తేదీకి ముందే. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణముంది. మా ఆఫీసుకి వచ్చిన ఒకాయన సమన్లు రాగానే ఆఫీసుకి ఫోను చేశాడు, ఎవరో ఎత్తి "సరే చూద్దాం లెండి" అన్నారు. ఆయన వాయిదా దొరికిందనుకుని పెళ్లికి వెళ్లిపోయాడు. నాలుగు నెలలకి వచ్చిన ఆర్డరులో "ఎలాంటి స్పందన లేదు" అని ఉంది. ఆఫీసరు అబద్ధం రాయలేదు, ఫైలులో నిజంగానే ఏమీ లేదు. మా దగ్గర ఉన్నదల్లా ఆయన ఫోనులో కాల్ రికార్డు, నలభై సెకన్లు, ఎవరితో మాట్లాడాడో ఆయనకే తెలియదు.

ఉత్తరం ఎలా రాయాలో అని కంగారు పడకండి, ఐదు వాక్యాలు చాలు. "ఫలానా తేదీ, ఫలానా డిన్ నంబరు గల మీ సమన్లు నాకు ఫలానా రోజున అందాయి. అందులో అడిగిన కాగితాల్లో బ్యాంకు స్టేట్‌మెంట్లు బ్యాంకు నుంచి రావాల్సి ఉంది, దరఖాస్తు నకలు జతచేశాను. నేను హాజరు కావడానికి సిద్ధంగా ఉన్నాను. దయచేసి ఒక వారం తర్వాత మీకు వీలైన తేదీ ఇవ్వగలరు. నా ఫోను నంబరు, మెయిల్ ఇవి." అంతే. రెండు ప్రతులు తీసుకెళ్లి ఇన్‌వార్డులో ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకోండి, అదే సంగతి సమన్ల మీద ఉన్న మెయిల్‌కీ పంపండి. ముద్ర పడ్డ ఆ కాగితమే రేపు జరిమానా దగ్గర మీ వకీలు. అయితే మీరు ఇప్పటికే రెండు తేదీలు పోగొట్టుకున్నారు కాబట్టి, వీలైతే ఈసారి వాయిదా అడక్కుండా వెళ్లిపోవడమే మంచిది.

తీసుకెళ్లాల్సినవి మీకు తెలిసినవే: అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు, లోను మంజూరు లెటరు, బిల్డరుకి ఏ రోజు ఎంత వెళ్లిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, రశీదులు, ఫ్లాటు విలువ 50 లక్షలో అంతకు మించో ఉంటే మీరు కోసి కట్టిన ఒక శాతం టీడీఎస్ చలానా. ఒక తెల్లకాగితం మీద తేదీ, మొత్తం, ఏ ఖాతా నుంచి అని వరసగా రాసుకుని వెళ్తే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించడానికి దగ్గర పెట్టుకోండి. ఒరిజినల్స్ స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకుంది, కానీ కారణం రాయాలి, పై అధికారుల అనుమతి లేకుండా సెలవు రోజులు పోను 15 రోజులకి మించి ఉంచుకోకూడదు.

లోపల ఏం జరుగుతుందంటే, సినిమాల్లో చూపించే చీకటిగది ఏమీ ఉండదు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, పక్కన గుట్టలుగా ఫైళ్లు. ముందు ప్రమాణం చేయిస్తారు, తర్వాత ప్రశ్న 1, మీ పేరు, ఊరు, ఏం చేస్తారు. ప్రశ్న 2, మీ ఆదాయం ఎంత, పాన్ నంబరు ఎంత. ఆఫీసరు అడుగుతుంటే పక్కన ఒకరు టైపు చేస్తుంటారు. నాలుగో ఐదో ప్రశ్నకి అసలు విషయానికి వస్తారు, ఒక కాగితం మీ ముందుకి జరిపి ఇందులో ఈ లైను మీ ఫ్లాటుదేనా అంటారు. ఆ కాగితాన్ని తొందరపడకుండా చూడండి. నగదు ఇవ్వలేదా? ఇవ్వలేదని చెప్పండి, ఆ రాత మీది కాదని, మీ సంతకం లేదని చెప్పండి, నకలు ఇవ్వమని అడిగినట్టు కూడా అందులోనే రాయించండి. గుర్తులేనిది గుర్తులేదనండి, ఊహించి చెప్పొద్దు. ఇచ్చారా? అయితే ఈ పన్నెండు రోజుల్లో ఒక మంచి ట్యాక్స్ లాయరుని కలవకుండా ఆ గదిలోకి వెళ్లకండి, ఆ డబ్బు ఎక్కడిదో ఆయనకి ముందు నిజం చెప్పండి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం పదివేల వ్యవహారం కాదు, అది తప్పుడు సాక్ష్యం కిందికి వస్తుంది.

అయిపోయాక ప్రింటు తీసి ప్రతి పేజీ మీద సంతకం పెట్టమంటారు. చదవకుండా పెట్టొద్దు, మీ వెనక ఎంతమంది వరసలో ఉన్నా సరే. ఇంగ్లీషులో ఉండి మీకు పూర్తిగా అర్థం కాకపోతే తెలుగులో చదివి వినిపించమనండి, అలా వినిపించారని చివర్లో రాయమనండి. మీరు "గుర్తులేదు" అంటే అక్కడ "లేదు" అని పడిందా, దిద్దించి సంతకం పెట్టండి. దిద్దించమనడం మీ హక్కు. అసలు సంతకమే పెట్టననడం, అడిగిన ప్రశ్నకి జవాబే చెప్పననడం మాత్రం వేరు, వాటికీ అదే 272ఎ కింద ఒక్కోదానికి మరో 10,000 ఉంది.

ఇవన్నీ చేసినా జరిమానా ఆర్డరు వస్తే అది అందిన 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు, ఫారం 35, ఫీజు 250 రూపాయలు. రెండో తేదీకి పడితే మీ స్థానంలో నేనైతే అప్పీలు వేయను, కట్టేస్తాను. మొదటి తేదీకి కూడా వేసి, మెయిల్ ఆడిటర్‌దని తేలితే మాత్రం వదలను.

రేపు పొద్దున్న చేయాల్సిన పని ఒక్కటే, షోకాజ్ నోటీసు మీద జవాబివ్వాల్సిన చివరి తేదీ చూడండి. అది హాజరు తేదీ కంటే ముందే ఉండొచ్చు, చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని మూడోసారి కూడా తప్పుతారు.